ఇందు టర్న్

గిరిబాబు ఆ డైరీకి గీతలు తనే గీశాడు. స్కేలు పెట్టి నీలం ఇంకుతో నిలువు గీతలు, పైన ఎర్ర ఇంకుతో పేర్లు. తేదీ, టర్న్ మొదలు, టర్న్ ముగింపు, చేసిన పని, సంతకం. ఇరవై రెండేళ్లుగా ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చక్రాలకు బేరింగులు ఎక్కించే ఫిట్టరుకు గళ్లు లేని కాగితం మీద నమ్మకం ఉండదు. ఏ పనైనా జాబ్ కార్డులో ఎక్కి, పక్కన సంతకం పడితేనే అయినట్టు లెక్క. కూతురు ఇందు స్కౌట్స్ అండ్ గైడ్సులో చేరుతూ, రోజూ చేసిన గుడ్ టర్న్ డైరీలో రాయాలని చెప్పినప్పుడు అతనికి ఆ గైడ్సు వాళ్ల మీద గౌరవం కలిగింది. పదకొండేళ్ల పిల్లలకే రికార్డు రాయడం నేర్పుతున్నారంటే పద్ధతి తెలిసినవాళ్లే అనుకున్నాడు.

ఆ గౌరవంతోనే ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇందును స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని రైల్వే కాలనీలోని గైడ్సు హాలుకు వెళ్లాడు. కొత్తగా చేరిన పిల్లల ఇంటివాళ్లకు అది రెండో మీటింగు. మొదటి మీటింగు నాడు ఓవర్‌టైముండి సగంలో వచ్చాడు, సగమే విన్నాడు. విన్న సగాన్ని మాత్రం తుచ తప్పకుండా పాటించాడు.

పన్నెండు కుటుంబాలు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాయి. తెలుగువాళ్లు నాలుగైదు ఇళ్లవాళ్లు, మిగతావాళ్లు బెంగాలీలు, బీహారీలు. గైడ్ కెప్టెన్ సుచరిత రైల్వే ఆఫీసులో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు ఈ పిల్లల్ని చూసుకుంటుంది. మాట సూటిగా ఉంటుంది. హిందీలో మొదలుపెట్టి, బెంగాలీలోకి దిగి, తెలుగు మొహాలు కనబడితే తెలుగులోకి వస్తుంది. సెల్యూట్‌లో మూడు వేళ్లు ఎందుకో చెప్పింది. ప్రమాణంలో మూడు మాటలున్నాయి, ఒక్కో మాటకు ఒక్కో వేలు. షేక్‌హ్యాండు ఎడం చేత్తో ఇవ్వాలంది, గుండె అటుపక్కే ఉంటుంది కనక. ఇచ్చి చూడండని తల్లిదండ్రుల్ని లేపితే తెలుగువాళ్లంతా ఎడం చేతిని చీరకో ప్యాంటుకో తుడుచుకుని మరీ చాపారు. గిరిబాబు కూడా తుడుచుకున్నాడు. పక్కనున్న బెంగాలీ ఆయన నవ్వి, "ఠీక్ హై దాదా" అన్నాడు.

తరవాత వచ్చే ఆదివారం జరగబోయే దీక్ష సంగతి చెప్పింది. ఆ రోజు పిల్లలు అందరి ముందూ ప్రమాణం చేస్తారు, మెడకు స్కార్ఫు కడతారు, బ్యాడ్జి పెడతారు. స్కార్ఫు పడిన పిల్లలకే దసరా పూజా సెలవుల్లో ఘాట్‌శిల క్యాంపు. నాలుగు రోజులు గుడారాల్లో ఉంటారు. ఇప్పుడు తప్పినవాళ్లకు మళ్లీ దీక్ష మూడు నెలల తరవాతే, అప్పటికి క్యాంపు అయిపోతుంది.

క్యాంపు మాట వినగానే ఇందు కుర్చీ అంచుకు జరిగింది. ముడులన్నీ ఎప్పుడో నేర్చేసుకుంది. నియమాలు అప్పజెప్పేస్తుంది. వాళ్లమ్మ పాత వాయిలు చీర ముక్కను స్కార్ఫులా మడిచి రోజూ అద్దంలో చూసుకుంటోందని గిరిబాబుకు తెలుసు. ఖరగ్‌పూర్ దాటి ఆ పిల్ల వెళ్లింది ఒక్కసారే, బొబ్బిలిలో పెళ్లికి, అదీ చంటిపిల్లగా ఉన్నప్పుడు.

డైరీలు చూడటం మొదలైంది. ముందు, మొదటి వరసలో కూర్చున్న రాజరాజేశ్వరి కూతురిది. ఆవిడ భర్త ఆఫీసు సూపరింటెండెంటు. ఆ పిల్ల పిట్టలకు గిన్నెలో నీళ్లు పెట్టింది, మలంచా రోడ్డు మీద ముసలాయన్ని దాటించింది, ఆటోలో ఎవరికో సీటు ఇచ్చింది. సుచరిత చదువుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. తరవాత ఇందు డైరీ తీసింది. గళ్లు చూసి కనుబొమలు పైకెత్తి, పైకి చదవసాగింది.

అయిదు నుంచి అయిదూ ముప్పావు, నీళ్లు పట్టుట. అయిదూ ముప్పావు నుంచి ఆరు, టీ కాచుట. ఆరు నుంచి ఆరూ ముప్పావు, నాన్నకు క్యారేజీ కట్టి, మామ్మకు ఒళ్లు తుడిచి పక్కబట్ట మార్చుట. ఆరూ ముప్పావు నుంచి ఎనిమిది, వంట. ఎనిమిది నుంచి తొమ్మిది, గిన్నెలు, ఊడ్పు. ఇలా రాత్రి తొమ్మిదిన్నర దాకా. ప్రతి వరసకూ కింద గిరిబాబు తల్లి నూకాలమ్మ వేలిముద్ర, పక్కన అతని సంతకం. ఇరవై ఒక్క రోజులు, ఇరవై ఒక్క పేజీలు.

సుచరిత హిందీలో కూడా చెప్పేసరికి ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు కుర్చీల మీదుగా వెనక్కి పాకింది.

"టర్నని మీరే అన్నారు కదా మేడం," అన్నాడు గిరిబాబు లేచి నిలబడి. "మాకు టర్నంటే డ్యూటీయే. మార్నింగ్ టర్ను, నైట్ టర్ను. గుడ్ టర్నంటే డ్యూటీ బాగా సెయ్యడమనుకున్నాను."

ఈసారి నవ్వు పెద్దదైంది. రైల్వే ఊళ్లో ఆ జోకు అందరికీ అర్థమైంది. సుచరిత నవ్వలేదు గానీ, పెన్ను తీసి పేజీకో అడ్డగీత చొప్పున కొట్టుకుంటూ పోయింది.

"డ్యూటీ వేరు, గుడ్ టర్న్ వేరు గిరిబాబు గారూ. ఇంటి పని ఇందు డ్యూటీ. అది చెయ్యాల్సిందే, దానికి మార్కులుండవు. ఎవరూ అడక్కుండా, తను చెయ్యనక్కర్లేనిది, బయటివాళ్ల కోసం చేస్తే అది గుడ్ టర్న్."

ఒక అవకాశం ఇస్తానంది. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు రోజులు, రోజుకొకటి, ఎవరికి చేసిందో వాళ్ల సంతకంతో. ఒక్కరోజు తప్పినా దీక్ష తరవాతి బ్యాచిలోనే. డైరీ తిరిగి ఇచ్చేటప్పుడు ఇందు తల దించుకునే ఉంది. చెవులు ఎర్రబడ్డాయి. తన తప్పుకు పిల్ల నవ్వులపాలైందని గిరిబాబుకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట సుచరిత మీద అనుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆ మంటంతా భార్య ముందు వెళ్లగక్కాడు. సత్యవాణి హిజ్లీలో ఒక హాస్టల్ మెస్సులో వంటపని చేస్తుంది. తెల్లవారి అయిదింటికల్లా సైకిలెక్కితే తిరిగొచ్చేది సాయంత్రం నాలుగింటికి. పిట్టకి నీళ్లెడితే మంచిపనట, ముసలమ్మకి నీళ్లెడితే కాదట, ఇదెక్కడి న్యాయమని అడిగాడు. సత్యవాణి బియ్యంలో రాళ్లు ఏరుతూ, పెద్దింటోళ్ల పిల్లలకి ఇంట్లో పనుండదు కాబట్టి బయట పని ఎతుక్కుంటారంది. పక్షవాతంతో రెండేళ్లుగా మంచంలో ఉన్న నూకాలమ్మ అక్కడినుంచే, నా ఏలిముద్రలన్నీ కొట్టేసిందా ఆ గుంట అని నొచ్చుకుంది.

ఇందు మాత్రం ఎవరి మాటా వినడం లేదు. వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటోంది. వాళ్ల క్వార్టర్ల వరస చివర సుజాతమ్మ అని రిటైరైన టీచరమ్మ ఒంటరిగా ఉంటుంది. మోకాళ్లు అరిగిపోయి మెట్లు దిగలేదు. రోజూ పొద్దున్నే బూత్ నుంచి ఆవిడకు పాల ప్యాకెట్టు తెచ్చిపెడితే ఆరు రోజులూ ఆరు గుడ్ టర్న్‌లు. సాయంత్రానికల్లా వెళ్లి అడిగి, ఆవిణ్ణి ఒప్పించి కూడా వచ్చింది.

సోమవారం అయిదున్నరకు ఇందు పాలకు పరిగెత్తింది. కొళాయి అయిదింటికి వచ్చి అయిదూ ముప్పావుకు ఆగిపోతుంది. ఇందు తిరిగొచ్చేసరికి బకెట్టు మీదుగా పోయిన నీళ్లు వాకిట్లో నిలిచాయి, డ్రమ్ము మాత్రం సగం కూడా నిండలేదు. ఆ వేళప్పుడు గిరిబాబు వసారాలో పేపరు చదువుతున్నాడు. చదవడమంటే పాత పేపరే, నిన్నటిది. ఆరున్నరకు క్యారేజీ పట్టుకుని బయల్దేరి, ఏడింటి సైరనుకు గేట్లో ఉండాలి. నీళ్ల చప్పుడు వినబడింది గానీ అది తనకు సంబంధించిన చప్పుడని అతనికి తోచలేదు. సాయంత్రం స్నానానికి నీళ్లు చాలక, ఏటే పిల్లా అని గట్టిగానే అరిచాడు. ఇందు డైరీ తెరిచి సుజాతమ్మ సంతకం చూపించింది. చూసి, సగం బకెట్టుతోనే స్నానం కానిచ్చాడు.

మంగళవారం ముందు నీళ్లు పట్టింది, ఆరింటికి పాలకు వెళ్లింది. బూత్ దగ్గర క్యూ ఉంది. తిరిగొచ్చేసరికి ఏడు దాటింది. గిరిబాబు అప్పటికే ఉత్త చేతుల్తో వర్క్‌షాపుకు వెళ్లిపోయాడు. నూకాలమ్మ తడిసిన పక్కబట్ట మీద గంటకు పైగా అలాగే పడుకుని, ఎవరికీ వినబడకుండా ఏడ్చింది. పక్క క్వార్టరు దాలమ్మ పంచదార కోసం వచ్చి చూసి, సాయంత్రం గిరిబాబుకు చెప్పింది. ఆ హడావిడిలో బడికి ఆలస్యమై, ఇందు మొదటి పీరియడంతా వరండాలో నిలబడింది. అది దాలమ్మకు తెలీదు. ఇందు తనే చెప్పింది, అన్నం తింటూ, మజ్జిగ కలుపుకుంటూ, వేరే పిల్లెవరి సంగతో చెప్పినట్టు.

గిరిబాబుకు అప్పుడొక ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనే అనుకున్నాడు. బండ్లన్నిటికీ పట్టాలు ఒక్కటే అయినా టైంటేబుల్ వేసేవాడు మధ్యలో ఎక్కడో సందు చూసి ఇంకో బండిని పంపడంలేదూ. ఇందు రోజులో కూడా ఎక్కడో ఒక అరగంట సందుండే ఉంటుంది. అది చూసి పాల పని అందులో పెడితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళ వర్క్‌షాపు క్యాంటీనులో ఒక మూల బల్ల దగ్గర కూర్చుని, పాత జాబ్ కార్డు వెనక గీతలు గీశాడు. పొద్దున్న నుంచి అయిదు చక్రాల సెట్లకు బేరింగులు దించాడు. గోళ్లలో గ్రీజు. కాగితానికి అంటకుండా వేళ్లు పైకెత్తి పట్టుకుని రాశాడు. డైరీలో తను రాసినవే కాబట్టి టైములన్నీ నోటికొచ్చు. అయిదు నుంచి తొమ్మిది. తొమ్మిదిన్నర నుంచి మూడున్నర బడి, దాన్ని బయట డ్యూటీ అని రాశాడు. మూడున్నర నుంచి ఆరు, మామ్మకు బట్టలు మార్చడం, తిండి, ఉతుకులు. మధ్యలో చదువు. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర, రొట్టెలు, గిన్నెలు, మామ్మ కాళ్లకు నూనె. రాసి, సందు కోసం చూశాడు. బడికి నడిచే అరగంట కనబడింది. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది కనబడింది, అది చదువు. ఇంకెక్కడా లేదు. కాగితం తిప్పి చూశాడు. ఏదైనా రాయడం మరిచిపోయానేమో అనుకున్నాడు. మరిచిపోలేదు.

వినోద్ టీ గ్లాసుతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అదే సెక్షన్‌లో ఫిట్టరు, యూనియన్ బ్రాంచిలో ఏదో పదవి కూడా ఉంది. డ్యూటీల రోస్టరు కనబడితే వదిలే మనిషి కాదు. కాగితం తనవైపు లాక్కుని, పనుల జోలికి పోకుండా టైముల గడి మీదే పైనుంచి కిందికి వేలు పెట్టి చదివాడు.

"ఎవులిది గిరీ ఈ రోస్టరు? గేట్‌మేన్‌దా?"

గిరిబాబు పెన్నుకు మూత పెట్టాడు.

"పద్నాలుగు గంటలు. అదీ ముక్కలు ముక్కలు." వినోద్ వేళ్లు మడిచి మళ్లీ లెక్కేశాడు. "వారం రెస్టేదీ?"

"లేదు."

"ఆదివారం?"

"ఆదివారం బయట డ్యూటీ ఉండదు. మిగతాది ఉంటాది."

"రిలీవరు?"

"లేరు."

"ఎన్నాళ్ల నుంచి?"

అమ్మ పడిపోయింది ఎప్పుడో గిరిబాబు లెక్క చూసుకున్నాడు. "రెండేళ్లు."

వినోద్ గ్లాసు కింద పెట్టాడు. పోయినేడాది గేట్‌మెన్ల పన్నెండు గంటల రోస్టరు ఎనిమిది చెయ్యాలని ధర్నా చేసినప్పుడు వీళ్లిద్దరూ పక్కపక్కనే మూడు రోజులు ఎండలో కూర్చున్నారు. నినాదాలు ఇచ్చినవాడు వినోద్. అందరికంటే గట్టిగా అందుకున్నవాడు గిరిబాబు.

"రెండేళ్లు నోరెత్తలేదేటి ఆ మనిసి?"

"సిన్నోళ్లు. కొత్త."

"కొత్తోళ్లని సూసే ఇలగ ఏస్తారు ఎదవలు. పైన ఇన్‌చార్జి ఎవుడో పేరు సెప్పు. రేపే బ్రాంచి మీటింగులో పెడతాను. ఆడికి ఛార్జిషీటు ఇప్పించకపోతే నా పేరు వినోద్ కాదు."

గిరిబాబు కాగితం అందుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. కనుక్కుని చెబుతానన్నాడు. భోజనం డబ్బాలో రొట్టెలు మిగిలాయి. ఇందు చేసిన రొట్టెలు, గుండ్రంగా, అన్నీ ఒకే కొలతలో. తినబుద్ధి కాలేదు. సైరనయ్యాక పనిలోకి వెళ్లి బేరింగుకు గ్రీజు పట్టిస్తూ, ఆదివారం హాలులో తనకు ఒళ్లెందుకు మండిందో మళ్లీ ఆలోచించాడు. సుచరిత ఇరవై ఒక్క పేజీలూ పైకి చదివింది. పన్నెండు కుటుంబాలు విన్నాయి. సంతకం ఎవరిదని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాడు? సిగ్గేసింది. పక్కన మనుషులున్నారని కూడా చూడకుండా కాసేపు పని ఆపి అలాగే నిలబడ్డాడు.

గురువారం నాలుగూ ముప్పావుకు లేచాడు. సత్యవాణి చీర కట్టుకుని ఇందును లేపబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. నీళ్లు నేను పడతాను, టీ నేనే కాస్తాను, పిల్లని ఆరింటిదాకా తొంగోనీ అన్నాడు. సత్యవాణి అతని మొహంకేసి చూసి, ఒంట్లో బాగుందా అని అడిగింది. బాగానే ఉందన్నాడు. కొళాయి దగ్గరికి నడిచాడు.

కొళాయికి గొట్టం తగిలించే చోట లీకుంది. ఇందు అక్కడొక గుడ్డముక్క చుట్టి పురికొసతో కట్టింది. గైడ్సులో నేర్చిన ముడి కాబోలు, గట్టిగా ఉంది. గొట్టం కదిలితే గుడ్డ జారిపోతుంది, కాబట్టి నీళ్లు పడుతున్నంతసేపూ ఒక కాలితో దాన్ని తొక్కి పట్టాలి. ఈ సంగతి అతనికి లుంగీ సగం తడిసేదాకా తెలీలేదు. తాగే నీళ్ల బిందె ఏదో, వాడకం బకెట్టు ఏదో తెలీక, అతని తంటా చూస్తూ బయల్దేరకుండా ఆగిన సత్యవాణిని రెండుసార్లు అడిగాడు. రెండోసారి ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. డ్రమ్ము నిండేసరికి వేళ్లు పాలిపోయి ముడతలు పడ్డాయి. ఇనుముతో ఇరవై రెండేళ్లు పనిచేసిన చేతులవి.

నూకాలమ్మ దగ్గర ఇంకో చిక్కొచ్చింది. వేణ్ణీళ్లు, గుడ్డ పట్టుకుని వచ్చిన కొడుకుని చూసి ఆవిడ మంచి చేత్తో దుప్పటి మెడదాకా లాక్కుంది.

"గుంటేదిరా?"

"తొంగున్నాదమ్మా."

"లేపు. మగోడివి, నన్ను ముట్టుకుంటావేటి. నాకు సావొచ్చినా నువ్వు తుడవద్దు."

ఎంత చెప్పినా వినలేదు. చివరికి సత్యవాణి సైకిలు మళ్లీ గోడకు ఆనించి, మెస్సుకు ఫోను చేసి గంట ఆలస్యమవుతుందని చెప్పి, తలుపు వేసి అత్త ఒళ్లు తుడిచింది. గిరిబాబు బయట టీ కాచి, బియ్యం ఎసట్లో పోశాడు. తలుపు తీశాక పక్కబట్ట మార్చడానికి మాత్రం నూకాలమ్మ ఒప్పుకుంది. ఒక పక్కకు ఒత్తిగించి, దుప్పటి కిందికి తోసి, రెండో పక్కకు తిప్పాలి. ఆవిడ బరువు ఎంతుంటుందో అతనికి అప్పుడే తెలిసింది. ఇందు బరువుకు రెండింతలుంటుంది. పిల్ల ఎలా తిప్పుతోందని తల్లిని అడిగాడు. దాని సెయ్యి మెత్తగుంటాదిరా అని, ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది.

ఆరైంది. ఇందును లేపాలి. ఆరింటికి లేస్తే పాలు తెచ్చి, సంతకం పెట్టించుకుని, తీరిగ్గా బడికి తయారుకావచ్చు. నాలుగో గుడ్ టర్న్ అయిపోతుంది. దానికోసమే ఇదంతా చేశాడు.

గదిలోకి వెళ్లి చాప పక్కన కూర్చున్నాడు. ఇందు బోర్లా పడుకుని, ఒక చెయ్యి చాప దాటి నేల మీదికి చాపి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుంది. చెంప మీద చాప అచ్చు పడింది. ఈ పిల్ల నిద్రపోతుండగా చూసి ఎన్నాళ్లయిందో అతనికి గుర్తు రాలేదు. తను లేచేసరికి ఆమె లేచి ఉంటుంది, తను పడుకునేసరికి ఇంకా పడుకుని ఉండదు. ఇందూ అని పిలిచాడు. కదల్లేదు. భుజం మీద చెయ్యి వేశాడు. నిద్రలోనే గొంతు పెగల్చుకుని, "వొచ్చేస్తన్నాను మామ్మా" అంది, కళ్లు తెరవలేదు. మళ్లీ నిద్రలో మునిగిపోయింది.

గిరిబాబు చెయ్యి తీసేశాడు. లేపితే క్యాంపు ఉంటుంది. లేపకపోతే పోతుంది. అంతా తెలిసే కూర్చున్నాడు. ఆరూ పది అయింది. ఆరూ పావైంది. అన్నం పొంగిన చప్పుడు విని లేచి వెళ్లి పొయ్యి ఆర్పేశాడు. మళ్లీ గదిలోకి రాలేదు.

వర్క్‌షాపుకు పోతూ దారిలో బూత్ దగ్గర ఆగి సుజాతమ్మ పాలు తనే తీసుకుని, పైకెక్కి ఇచ్చాడు. పిల్లకు ఒంట్లో బాగాలేదా అని ఆవిడ కంగారుపడింది. నిద్రపోతోందన్నాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, అయితే ఆ డైరీ ఇలా పంపు, సంతకం పెట్టేస్తాను, ఎవరు తెస్తే ఏమైంది అంది. మంచి మనసుతో అన్న మాటే. గిరిబాబు వద్దన్నాడు. రెస్టులో ఉన్నవాడికి హాజరు వెయ్యకూడదు టీచరమ్మా అని మెట్లు దిగి వచ్చేశాడు. ఆ పూట వర్క్‌షాపు గేట్లో అయిదు నిమిషాలు లేటని రాశారు.

సాయంత్రం ఇందు అతని కోసం గుమ్మంలోనే కాచుకుని ఉంది. ఏడున్నరకు తనంతట తనే లేచిందట. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఎందుకు లేపలేదు?"

"తొంగున్నావని."

"లేపాల కదా. పిలవాల కదా. ఒక్కరోజు పోతే మొత్తం పోద్దని నీకు తెలుసు కదా నాన్నా."

తెలుసు అన్నాడు. క్షమించమని పిల్లని అడగడం అతనికి చేతకాలేదు. సత్యవాణి కూడా ఈసారి కూతురి పక్షమే పట్టింది. అంత చేసినవాడివి ఆ ఒక్కటీ చేస్తే నీ సొమ్మేం పోయిందంది. ఇందు ఆ రాత్రి అతనితో మాట్లాడలేదు. డైరీ ముందేసుకుని చాలాసేపు కూర్చుని, గురువారం గడిలో ఏదో రాసి మూసేసింది. అతను చూడబోతే డైరీ మీద చెయ్యి అడ్డం పెట్టింది.

శుక్రవారం, శనివారం అతను మళ్లీ నాలుగూ ముప్పావుకే లేచాడు. ఆరింటికి ఇందును లేపాడు. ఈసారి మొదటి పిలుపుకే లేచింది. పాలు తెచ్చింది. సంతకాలు తెచ్చింది. మొత్తం అయిదు. శనివారం డ్రమ్ము నిండాక గొట్టం చుట్ట చుడుతుంటే ఇందు వచ్చి, చుట్ట అటు కాదు ఇటు చుట్టాలని చూపించి వెళ్లింది. ఆ రెండు రోజుల్లో అతనితో అన్నది ఆ ఒక్క మాటే.

ఆదివారం హాలులో కాగితపు జెండాలు కట్టారు. పిల్లలు నీలం యూనిఫాంలలో వరసగా నిలబడ్డారు. దీక్షకు ముందు సుచరిత బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కరి డైరీ చూస్తోంది. ఇందు వంతు వచ్చింది. గిరిబాబు వెనకాల నిలబడ్డాడు. సోమ, మంగళ, బుధ మూడూ చూసి ఆవిడ తలూపింది. గురువారం గడి దగ్గర ఆగింది. అక్కడ సంతకం లేదు. ఇందు అక్షరాలతో ఒక వాక్యమే ఉంది. సుచరిత దాన్ని ఈసారి పైకి చదవలేదు. గిరిబాబు వంగి చూశాడు. నాన్న నీళ్లు పట్టినాడు, నేను తొంగున్నాను అని ఉంది.

సుచరిత తలెత్తి ముందు పిల్లను, తరవాత తండ్రిని చూసింది. పేజీలు వెనక్కి తిప్పి, తను అడ్డగీతలు కొట్టిన వరసలు ఒకటి రెండు మళ్లీ చదువుకుంది. పక్కన నిలబడ్డ పిల్లలు తొందరపడుతున్నారు.

"దీన్ని కూడా గుడ్ టర్న్ కింద తీసుకోలేను గిరిబాబు గారూ," అంది చివరికి, గొంతు తగ్గించి. "మీరు నీళ్లు పట్టడం గుడ్ టర్న్ కాదు. అది మీ డ్యూటీ."

"అవును మేడం," అన్నాడు గిరిబాబు. "డ్యూటీయే."

రూలు ఒకళ్లకు సడలిస్తే అందరికీ సడలించాలని, ఈసారికి కుదరదని ఆవిడ చెప్పింది. చెప్పడం ఆవిడకూ కష్టంగానే ఉన్నట్టుంది. డైరీని మామూలుకంటే జాగ్రత్తగా మూసి రెండు చేతులతో ఇచ్చింది. గిరిబాబు వాదించలేదు. వాదిస్తాడనుకుని పక్కకు తిరిగిన రాజరాజేశ్వరి మళ్లీ ముందుకు తిరిగి కూర్చుంది.

దీక్ష అయ్యేదాకా ఇందు తండ్రి పక్క కుర్చీలోనే కూర్చుంది. పదకొండు మంది పిల్లలకు స్కార్ఫులు కట్టారు. ప్రతి ఒక్కరికీ చప్పట్లు కొట్టింది. ఆఖరి పిల్లకు ముడి వంకరగా పడితే, అలాక్కాదు అని తనలో తనే అనుకుంది. గిరిబాబు ఆ పిల్లలవైపు చూడలేకపోయాడు. ఘాట్‌శిలలో నాలుగు రోజులు ఈ పిల్ల చేతుల్లోంచి తనే లాగేసుకున్నాడు. ఆ గంటన్నర నిద్ర దానికి సాటి వస్తుందా?

తిరుగు దారిలో గోల్‌బజార్‌లో స్కూటరు ఆపి, చేపలు కొందామా అని అడిగాడు. ఇందు స్కూటరు దిగి వెనకే వచ్చింది. చేపల గంప ముందు నిలబడి బేరం చేస్తుంటే వెనకనుంచి అతని చొక్కా పట్టి లాగింది. ఏడుస్తుందేమో అనుకుని వెనక్కి తిరిగాడు. ఏడవడంలేదు. ఏదో లెక్క తేలనట్టు కనుబొమలు ముడిచి ఉంది.

"నాన్నా, రేపు కూడా నీళ్లు నువ్వే పడతావా?"

"పడతాను."

"క్యాంపు లేదు కదా. గుడ్ టర్న్ కూడా లేదు కదా."

"అయినా పడతాను. వంట కూడా నానే సేస్తాను. మామ్మ పని మీ అమ్మ సూసుకుని ఎల్తాది. మాటాడుకున్నాం."

"ఎల్లుండి?"

"ఎల్లుండి కూడా."

ఇందు కాసేపు ఆలోచించింది. చేపలామె తూకం వేసి, తీసుకుంటారా లేదా బాబూ అని అడిగింది.

"మరప్పుడు నేనేటి సెయ్యాల?"

గిరిబాబు సంచీ తెరిచి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. రోజులో ప్రతి నిమిషానికీ గడి గీసి ఇచ్చినవాడు, ఈ ఒక్క గడిలో ఏం రాయాలో తెలీక తడబడ్డాడు.

"ఏటీ సెయ్యకు," అన్నాడు.

ఇందు నమ్మలేనట్టు చూసింది. ఆ మాట ఇంతకుముందు ఆ పిల్లతో ఎవరూ అనలేదని అతనికి అప్పుడు తెలిసింది.